బేజుబాన్ చేప తకలీఫ్

మా కరీంనగర్‌లో మానేరు డ్యామ్ ఉంది గానీ సముద్రం లేదు. ఇక్కడ క్లౌన్ ఫిష్‌ని పెంచాలంటే దాని సముద్రాన్ని మనమే కలపాలి. ఆర్వో నీళ్లలో అక్వేరియం ఉప్పు వేసి సాంద్రత 1.025 దగ్గర నిలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది.

చేప ఏడవదు. దాని తకలీఫ్ చెప్పేది ఒళ్లే. మొప్పలు గబగబా కొట్టుకోవడం, రెక్కలు ముడుచుకోవడం, రంగు వెలవెలబోవడం, మేత ముట్టకపోవడం, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం అన్నీ బేచైనీ గుర్తులే. క్లౌన్ ఫిష్ రాత్రి ఒక మూలన పడుకోవడం దాని ఆదత్. పగలంతా అక్కడే ఉంటే ఫికర్ చేయాలి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు కనబడేదాకా ఆగొద్దు.

ఒక అజీబ్ సంగతి చెప్తాను. సముద్రపు చేప నీళ్లు తాగుతుంది. చుట్టూ ఉప్పు ఎక్కువ కాబట్టి దాని ఒంట్లో నీరు బయటికి పోతూనే ఉంటుంది. అది నీళ్లు తాగి, అదనపు ఉప్పును మొప్పల నుంచి పంపేస్తుంది. బేచైనీ ఎక్కువైతే ఈ హిసాబ్ తప్పుతుంది. మే నెలలో అక్వేరియం నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. అందుకే తగ్గినంత ఆర్వో నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు.

నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. బయట 44 డిగ్రీలున్నా లోపల 25, 26 ఉండాలి. మేము నీటి మీదికి చిన్న ఫ్యాను పెడతాం. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు. ఆదిలాబాద్‌లో ఆపా ఇంట్లో ముసీబత్ ఉల్టా. చలికాలం రాత్రి 5 డిగ్రీల దాకా దిగే ఊరది, హీటర్ తప్పదు. వేడైనా చలైనా ఆహిస్తా సరిచేయాలి. ఒక్కసారిగా మారిస్తే చేపకు అది ఇంకో దెబ్బ.

"గింత ఎండల ఊర్లె సముద్రపు చేపను బంద్ చేసుడు జుల్మ్ కాదా?" అని అబ్బా అడిగారు. మావి సముద్రంలో పట్టినవి కావు, పెంపకంలో పుట్టినవే అన్నాను. తమిళనాడు మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వీటిని తొట్లలోనే పుట్టించి చూపించారు. అబ్బా విని, "ఎక్కడ పుట్టినా జాన్ జానే కదా" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబ్ లేదు, జిమ్మేదారీ మాత్రమే ఉంది.

మొన్న మా చిన్న చేప రెండు పూటలు తినలేదు. మందు వేద్దామంది బేటీ. ముందు నీళ్లు పరీక్షించాం. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఉప్పు, వేడి బరాబర్. అరగంట కూర్చుని చూస్తే, పెద్దది దాన్ని తరుముతోంది. ఈ జాతిలో పెద్దదే ఆడది, హుకుం దానిదే. రాళ్లు జరిపి చిన్నదానికి దాక్కునే జాగా చేశాం, లైటు తగ్గించాం. మూడో రోజు మేతకు వచ్చింది. మందు ఒక్క చుక్క పడలేదు.

పిల్లలు జిద్ చేస్తే అక్వేరియం కొనేముందు ఒకటే అడగండి: రోజూ పది నిమిషాలు దాని ముందు సబర్‌గా కూర్చుంటారా? లేదంటే దుకాణంలో చూసి రావడమే బెహతర్.