తిరగని ఫ్యాను

మా బడి పాడేరు ఘాట్ కింది వైపు ఉంది. నాలుగేళ్ల కిందట మేము నలుగురు ఉపాధ్యాయులం కలిసి ఒక పాత కారు కొనుక్కున్నాం. పేరుకు అది మాది, అవసరానికి ఊరిది. రోగిని డోలీలో మోసుకొచ్చి రోడ్డు మీద దించాక, అంబులెన్సు ఆలస్యమైతే మా తలుపే తడతారు.

పోయిన వానాకాలం ఒక రాత్రి మా రెండో తరగతి పిల్లాడు జ్వరంతో వణికిపోతుంటే పాడేరు ఆసుపత్రికి బయలుదేరాం. అమ్మవారి పాదాలు దాటకముందే వేడి ముల్లు ఎర్రగీతను తాకింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మాలో ఒకరు గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోతే పిల్లాడి తాత చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉడుకుతున్న కుండ మూత తీస్తేనే ఆవిరి కొడతాది మాస్టారూ, ఇది ఇనప కుండ కదా."

డీఎడ్ చదివిన మాకు ఆ క్షణాన గుర్తురాని పాఠం అది. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే పొంగి ముఖాన పడతాయి.

అదృష్టం కొద్దీ సంత నుంచి వస్తున్న జీపు ఆగింది. తాతామనవళ్లను అందులో పంపాం. మలేరియా అన్నారు. సమయానికి చేరాడు, బతికాడు. బండి చల్లారేదాకా మేము చీకట్లో కూర్చున్నాం. ఆ జీపు రాకపోయి ఉంటే? ఒకరినొకరం అడగలేదు గానీ అందరి మనసులో అదే.

నిజానికి బండి వేడెక్కడం అది మూడోసారి. మొదటిసారి కూలెంట్ తగ్గిందన్నారు, పోయించాం. రెండోసారి థర్మోస్టాట్ అన్నారు, మార్పించాం. ఈసారి ఒక షెడ్డులో ఫ్యాన్ మోటారే పోయిందన్నారు. ఎవరూ పరీక్షించి చూడలేదు. వాళ్లు చెప్పారు, మేము డబ్బు కట్టాం.

ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివిన మా పాత విద్యార్థి ఆదివారం వచ్చాడు. "మోటారు అప్పుడే మార్చకండి సార్, వరసగా చూద్దాం" అన్నాడు.

చదును రోడ్డు మీద వేగంగా పోతే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుందట. ఘాట్‌లో చిన్న గేర్లలో ఇంజను కష్టపడుతుంది, గాలి మాత్రం తగలదు. అప్పుడు ఫ్యానే దిక్కు.

ముందు ఇంజను నడిపి ఏసీ వేశాడు. చాలా కార్లలో ఏసీ వేస్తే ఈ ఫ్యాను తిరగాలి. తిరగలేదు. ఇంజను ఆపి, బ్యాటరీ తీగ విప్పాకే రెక్క మీద చెయ్యి వేశాడు. "వేడి బండిలో తాళం తీసినా ఫ్యాను దానంతటదే తిరగొచ్చు సార్, వేళ్లు పోతాయి" అన్నాడు. రెక్క తేలిగ్గానే తిరిగింది. ఫ్యూజు బాగుంది. మళ్లీ తీగ బిగించి, అదే రకం హారన్ రిలేను ఫ్యాన్ రిలే చోట పెట్టి చూశాడు. ఉలుకూ పలుకూ లేదు. మోటారు ప్లగ్గు విప్పి, ఫ్యూజున్న తీగలతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చాడు. గిర్రున తిరిగింది!

మోటారు బాగానే ఉంది. టెస్టు లైటుతో చూస్తే ప్లగ్గు దాకా కరెంటు వస్తోంది. తిరిగి వెళ్లే దారిలోనే లోపం. బాడీకి బిగించిన ఎర్త్ తీగ చివర తుప్పు పట్టి వదులైంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. ఏసీ వేయగానే ఫ్యాను తిరిగింది. అంతటితో వదల్లేదు. ఏసీ ఆపి, ఇంజను వేడెక్కేదాకా ఆగి, ఫ్యాను దానంతటదే మొదలవడం చూశాకే చేతులు కడుక్కున్నాడు.

ఆ రాత్రి జీపులో పంపిన పిల్లాడి పేరు పక్కన మా రిజిస్టరులో "గ్రహించలేడు" అని రాసి ఉంది. రాసింది మేమే. వాడింట్లో మాట్లాడేది కువి. మేమూ ఆదివాసులమే, మాలో ఇద్దరికి కువి వచ్చు. అయినా బడి గుమ్మం దాటగానే ఆ భాషను చెప్పులతో పాటు బయటే విడిచేవాళ్లం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలైన బహుభాషా విద్యలో కువి కూడా ఉంది. ఆ వాచకాలు మా బీరువా అడుగున దుమ్ము పట్టి ఉన్నాయి.

కోలుకుని బడికి వచ్చిన రోజు వాణ్ణి కువిలో అడిగాం, ఆ రాత్రి జీపులో ఎంతమంది ఉన్నారని. తొమ్మిది మంది అన్నాడు. పాదాల దగ్గర ముగ్గురు దిగితే ఎంతమంది మిగిలారన్నాం. ఆరు అని వెంటనే చెప్పి, ఆగి, "డ్రైవరును కలిపితే ఏడు" అన్నాడు. మాకు తోచని లెక్క అది.

రిజిస్టరులో ఆ మాట కొట్టేశాం. తోటి ఉపాధ్యాయులారా, ఏ పిల్లవాడి గురించైనా మోటారు పోయిందని రాసేముందు ఒక్కసారి తీగ చూడండి.