అడుగు చూశాకే పూత

పాత కారు అడుగుకు నల్లపూత వేయించాలా వద్దా అన్న ప్రశ్న వినడానికి చిన్నదే. అయినా మేము ఐదుగురం దాని మీద రెండు నెలలు వాదించుకున్నాం. ఎందుకంటే ఆ బండి ఎక్కేది మేము ఒక్కళ్లమే కాదు.

మా బండి 1986 నాటి అంబాసిడర్, మార్క్ 4. కాకినాడ చుట్టుపక్కల తీర గ్రామాల్లో తిరిగే పనుల కోసం చందాలు వేసుకుని కొన్నాం. వాయిదాకు ఒంటరిగా రావడానికి జంకే ఆడవాళ్లు, పింఛను కాగితాలు పట్టుకుని మండలాఫీసుకు వెళ్లే ముసలివాళ్లు, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లే ఒక పెద్దాయన దీంట్లోనే ప్రయాణం చేస్తారు. సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సులువుగా ఎక్కి దిగుతారు. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారా కర్మాగారంలో వీటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నదాన్ని కాపాడుకోవడం తప్ప మాకు వేరే దారి లేదు.

సముద్రం పక్క ఊళ్లలో ఇనుము ఎలా పోతుందో అందరూ చూసేదే. కిటికీ ఊచలు, బోరింగు పంపులు, గేటు బందులు ఏవీ నిలవవు. ఇనుము, నీరు, గాలిలోని ఆక్సిజన్ కలిస్తే తుప్పు పుడుతుంది. ఉప్పు దాని వేగాన్ని పెంచుతుంది. తుప్పు పట్టడమంటే రేకు మీద సన్నటి విద్యుత్ చర్య జరగడమే. ఉప్పునీరు ఆ విద్యుత్తును బాగా మోస్తుంది.

అంబాసిడర్ విషయంలో ఇంకో సంగతి ఉంది. లారీకీ జీపుకీ కింద వేరే చాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఈ బండికి రేకు బాడీయే ఎముకల గూడు. నేల రేకు, తలుపుల కింద ఉండే పెట్టె లాంటి భాగం, వాటిని కలిపే అడ్డ దూలాలు, ఇవన్నీ కలిసి బరువు మోస్తాయి. ముందు చక్రాల బరువును ఆపే టార్షన్ బార్ల వెనక కొసలు కూడా అడుగు భాగానికే బిగిసి ఉంటాయి. అందుకే అడుగున తుప్పు పడితే పాడయ్యేది అందం కాదు, బలం.

మాలో మూడు మాటలు వచ్చాయి. మొదటిది, వెంటనే నల్లపూత కొట్టించేద్దాం అన్నది. దుకాణంవాళ్లు ఒక పూటలో పని ముగిస్తామన్నారు. పైగా 2026లో ఆర్‌సీ రెన్యువల్ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. "అడుగు నల్లగా నిగనిగలాడుతుంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఏమీ అడగడు" అని ఒకరు అన్నారు.

రెండో మాట, ఏమీ వేయవద్దు అన్నది. పూత లేకపోతే తుప్పు కనిపిస్తుంది, కనిపిస్తే ఎప్పటికప్పుడు బాగుచేయవచ్చు. ఇందులో న్యాయం ఉంది. అయితే ఉప్పుగాలిలో బోసి రేకును వదిలేస్తే ఎప్పటికప్పుడు బాగుచేసే పని ఎన్నటికీ తీరదు.

మూడోది పాత డ్రైవర్ల పద్ధతి. వాటర్ సర్వీసింగ్ చేయించి, వాడేసిన ఇంజనాయిల్‌లో డీజిల్ కలిపి కింద కొట్టించడం. ఖర్చు తక్కువే. కానీ ఆ నూనె రబ్బరు బుష్‌లను ఉబ్బించి పాడుచేస్తుంది. చుక్కచుక్కగా కారి మురుగు కాలవలోకీ అక్కడినుంచి చేపలు పట్టే నీళ్లలోకీ చేరుతుంది. ఆ నీళ్ల మీద బతికేవాళ్లనే మేము బండిలో తీసుకెళ్తున్నాం. ఈ మాటను అందరం కలిసి పక్కన పెట్టాం.

మొదటి మాట మీదే అసలు వాదన జరిగింది. మాలో లా చదివినవాళ్లకు 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 16వ సెక్షన్ గుర్తొచ్చింది. సరుకును పరీక్షించి కొన్నవాడు, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపం గురించి తర్వాత ఫిర్యాదు చేయలేడు. చూడదగ్గ లోపం చూడలేని లోపంగా మారితే న్యాయం తూకం మారిపోతుంది. తుప్పు మీద నల్లపూత చేసే పని అదే. మేము బండిని అమ్మడం లేదు, నిజమే. కానీ మాలో పెద్దదైన అక్క ఒక్క ప్రశ్న వేసింది. "ఆ నేల మీద కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లకు బండి కింద ఏముందో తెలుసుకునే వీలుందా? మనల్ని నమ్మే కదా ఎక్కుతున్నారు?" అంది. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ మాట ఎవరూ ఎత్తలేదు.

బండిని టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కార్పెట్లు తీయించి, ర్యాంపు ఎక్కించి, సుత్తి పిడితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లాడు. గట్టి రేకు టంగుమంటుంది, తిన్న రేకు దబ్బుమంటుంది. దబ్బుమన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాడు. డ్రైవరు కాళ్ల కింద అరచేతి వెడల్పున రెండు చోట్ల దిగబడింది. ఎడమ పక్క తలుపుల కింద జానెడు పొడవున పొరలుగా ఊడొచ్చింది. అడ్డ దూలాలు, టార్షన్ బార్ల బిగింపులు మాత్రం గట్టిగా ఉన్నాయి.

వెనక చక్రం దగ్గర పాత యజమాని ఎప్పుడో వేయించిన తారు పూత మిగిలి ఉంది. మేస్త్రి దాని అంచు పట్టి లాగితే చెక్కులా లేచింది. వాన పడి పది రోజులైంది. అయినా దాని వెనక రేకు తడిగా ఉంది. గట్టిపడిన పూత రాయి తగిలి పగులుతుంది. పగులులోంచి నీళ్లు దూరతాయి, ఆరే దారి ఉండదు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతను ఇంకా పైకి నెడుతుంది. తడి ఆరని ధాన్యాన్ని గాదెలో పోసి మూత బిగిస్తే జరిగేదే ఇక్కడా జరిగింది.

"ఇప్పుడు నల్లది కొట్టించేసి, రేపు వెల్డింగుకు తెస్తే మంటలంటుకుంటాయి సార్. మళ్లీ అంతా గీకాలి" అన్నాడు మేస్త్రి.

ధమ్మపదం మలవగ్గంలోని తుప్పు ఉపమానం మన పాఠకులకు తెలిసిందే. మేము దాన్ని ఎప్పుడూ మనసు గురించిన మాటగానే విన్నాం. షెడ్డులో ఆ తడి రేకు చూస్తుంటే కార్యకారణాల సంగతి కళ్లకు కట్టినట్టు తెలిసింది. శుభ్రం చేసి ఆరబెట్టిన రేకు మీద పూత వేస్తే నీటినీ గాలినీ బయట ఉంచుతుంది. తడి తుప్పు మీద వేస్తే అదే పూత తడిని లోపల బంధిస్తుంది.

చివరికి అడుగంతా ఒకే పూత వేయించకూడదని నిర్ణయించాం. తిన్న రేకు కోయించి 18 గేజ్ రేకుతో అతుకులు వేయించాం. వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దించి, థిన్నరుతో తుడిపించి, బాగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ కొట్టించాం. అతుకుల అంచుల్లో సీలర్ పెట్టించాం. చక్రాలు రాళ్లు విసిరే మడ్‌గార్డు లోపలి భాగాలకు మాత్రం రబ్బరు లాంటి మందపు పూత వేయించాం. తలుపుల కింది పెట్టెల్లోకి పల్చటి మైనపు పూత పంపించాం. మిగతా అడుగంతా ప్రైమర్ మీద లేత బూడిద రంగే. లేత రంగు మీద తుప్పు మొదలైతే వెంటనే కనిపిస్తుంది. నీళ్లు కారడానికి ఉన్న రంధ్రాలు పూడిపోకుండా ప్రతి దాంట్లో తీగ పెట్టి చూశాం.

దుకాణం అడిగినదానికి మూడింతలు ఖర్చయింది. ఆ డబ్బుతో పిల్లలకు పుస్తకాలు కొనవచ్చు కదా అన్న మాట కూడా మాలో వచ్చింది. అది తీసిపారేయవలసిన మాట కాదు. పని సాగిన మూడు వారాలూ డయాలసిస్‌కు వెళ్లే పెద్దాయనను ఆటోలో పంపాం. ఆ ఖర్చూ కలిసింది. పుస్తకాలకు వచ్చే ఏడు విడిగా చందా వేస్తామని రాసుకున్నాం.

ఇక నుంచి ప్రతి జనవరిలో, తుపాన్ల రోజులు దాటాక, బండిని ర్యాంపు ఎక్కించి చూడాలని నియమం పెట్టుకున్నాం. మన సంఘాల్లో చాలామంది దగ్గర ఇలాంటి పాత జీపులు, వ్యాన్లు ఉన్నాయి. పూత గురించి ఎవరినీ అడగకముందు కార్పెట్ ఎత్తి, సుత్తి పిడితో ఒకసారి తట్టి చూడండి.