తూటా కొనడమా, సొంతంగా నింపుకోవడమా? మా తమ్ముడు అడిగిన ప్రశ్న



కాస్త పెద్ద పోస్టు ఇది. ఓపిక ఉన్నవాళ్లు చదవండి. ఇంట్లో పదహారు, పదిహేడేళ్ల తమ్ముళ్లు ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మొన్న రాత్రి హాస్టల్లో స్టడీ అవర్ అయ్యాక మా తమ్ముడు ఒక వీడియో పంపాడు. అమెరికాలో ఒక పెద్దాయన ఇంటి వెనక షెడ్డులో కూచుని తూటాలు సొంతంగా నింపుకుంటున్నాడు. జింకల వేటకట. దాని కింద మావాడి వాయిస్ మెసేజ్: "అన్నయ్యా, సూసినావా? ఆళ్లు కూడా మనలాగే చేత్తో నింపుతన్నారు. మరి మనం నింపితే తప్పేటి?"

నాకు నిద్ర పట్టలేదు. ఇటికల పండగ దగ్గర పడుతోంది. ఊళ్లో నలుగురు కుర్రాళ్లు ఎవరి దగ్గరో నాటు తుపాకీ ఉందని, ఈసారి దాంతో అడవికి పోదామని మాట్లాడుకుంటున్నట్టు అమ్మ ముందే చెప్పింది. మావాడు ఆ నలుగురిలో ఒకడు. ఎందుకో నాకు తెలుసు. మా ఊళ్లో వేటకెళ్లి ఖాళీ చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. సరదాకే అయినా, పదిహేడేళ్ల కుర్రాడికి అది సరదా కాదు.

"ఒద్దురా" అని ఒక్క ముక్కలో చెప్తే వినడు. నేను ఇక్కడ చదువుకుంటూ వాడికి నీతులు చెప్తున్నాననుకుంటాడు. అందుకే ఆ వీడియోలో ఉన్న సంగతి ఏంటో ముందు నేను తెలుసుకోవాలనుకున్నాను. రెండు ఆదివారాలు కూచుని చదివాను.

అమెరికాలో జింక వేటకి వెళ్లేవాళ్ల మధ్య ఇది పాత వాదన. షాపులో పెట్టె కొనుక్కోవడం మేలా, సొంతంగా నింపుకోవడం మేలా అని. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రేపే ప్రైమర్, లోపల మందు, ముందు గుండు. పేల్చాక ప్రైమర్, మందు, గుండు అయిపోతాయి, ఇత్తడి గొట్టం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, కొలతకి సరిచేసి, మళ్లీ నింపుకోవచ్చు. దీన్నే వాళ్లు హ్యాండ్‌లోడింగ్ అంటారు.

సొంతంగా నింపుకునేవాళ్ల మాటలో నిజం ఉంది. ఫ్యాక్టరీ తూటా ఆ సైజు తుపాకీలన్నిటిలోనూ సరిపోవాలి, అన్నిటిలోనూ ప్రమాదం లేకుండా పేలాలి. కాబట్టి అది అందరికీ కుట్టిన రెడీమేడ్ చొక్కా లాంటిది. సొంతంగా నింపుకునేవాడు తన ఒక్క తుపాకీకే కొలిచి కుట్టుకుంటాడు. ఏ గుండు ఎంత మందుతో తన తుపాకీలో గురి తప్పకుండా పోతుందో ఒక్కో మెట్టు మార్చి చూసుకుంటాడు. షాపుల్లో దొరకని పాత సైజు తుపాకీ ఉన్నవాడికైతే వేరే దారే లేదు. 2020 తర్వాత అక్కడ షాపుల్లో తూటాలకి కరువొచ్చినప్పుడు, ముందే సామాను దాచుకున్నవాళ్లకి ఇబ్బంది తగ్గింది. ప్రైమర్లు లేనివాళ్లు మాత్రం వాళ్లూ ఆగిపోయారు.

ఫ్యాక్టరీ వైపు వాళ్ల మాటలోనూ అంతే నిజం ఉంది. సీజన్ మొత్తంలో జింక మీద పేల్చేది ఒకటో రెండో. పెట్టెలో ఇరవై ఉంటాయి. ఆ కాస్తకి ప్రెస్సు, డైలు, త్రాసు, కాలిపర్ అన్నీ కొంటే డబ్బు మిగలడం మాట అటుంచి ఎదురు పెట్టుబడి అవుతుంది. ఏడాది పొడుగునా ప్రాక్టీసు చేసేవాడికే అది గిట్టుబాటు. పైగా వంద గజాల్లోపు నిలబడ్డ జింకకి మంచి ఫ్యాక్టరీ తూటా చాలు. అక్కడ ఇప్పటికీ వాడే థర్టీ-నాట్-సిక్స్ అనే సైజు 1906 నాటిది. దాని తూటాలు ఎన్నో కంపెనీలు చేస్తాయి, ఊరూరా దొరుకుతాయి. గురి తప్పితే చాలాసార్లు తప్పు తూటాది కాదు, ప్రాక్టీసు లేని చేతిది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. సీసం గుండు జింకకి తగిలినప్పుడు కంటికి కనపడని ముక్కలై మాంసంలో చెదిరిపోతుంది. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకి దానం ఇచ్చిన జింక కైమాలో సీసం కనపడితే దాన్ని పారేయమన్నారు. 2019 జులై నుంచి కాలిఫోర్నియాలో వేటకి సీసం గుండ్లు పూర్తిగా నిషేధం. రాగి లాంటి సీసం లేని గుండ్లు వాడాలి. ఇది కొనుక్కున్న తూటాకైనా, నింపుకున్న తూటాకైనా ఒకటే.

ఇంతవరకు చదివాక నాకు ఒకటి అర్థమైంది. రెండు వైపుల వాళ్లూ కొట్టుకునేది చిన్న తేడా గురించే. అసలు విషయంలో ఇద్దరూ ఒకటే: కొలత. థర్టీ-నాట్-సిక్స్ తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల దాకా పోవచ్చు. మన బైకు టైరులో ఉండేది ముప్పై చిల్లర. అది ముఖం పక్కనే జరిగే పని. అందుకే ఫ్యాక్టరీ దానికి ఒక హద్దు పెట్టుకుంటుంది. ఇంట్లో నింపేవాడు మందుని గ్రెయిన్లలో తూస్తాడు. ఒక గ్రెయిన్ అంటే 0.065 గ్రాము. అందులో పదో వంతు తేడా కూడా త్రాసులో చూసుకుంటాడు. ముద్రించిన పుస్తకంలో ఉన్న తక్కువ లెక్కతో మొదలెడతాడు, పై హద్దు దాటడు. ప్రతి బ్యాచీ నోటుబుక్కులో రాసుకుంటాడు. ఒక మందు బదులు ఇంకో మందు పోసినా, పరధ్యానంలో రెండుసార్లు పోసినా తుపాకీ చీలిపోతుందని వాడికి తెలుసు. చాలా తుపాకీ కంపెనీలు ఇంట్లో నింపిన తూటాలు వాడొద్దని తమ పుస్తకాల్లోనే రాస్తాయి.

ఇప్పుడు మా తమ్ముడి మాటకొస్తాను. నాటు తుపాకీ కూడా చేత్తో నింపేదే, నిజమే. గొట్టం మూతిలోంచి మందు పోసి, పీచు దట్టించి, సీసం ముక్కలు వేసి కూరుతారు. కానీ తూచేదెవరు? ఆ గొట్టం ఎంత ఒత్తిడి ఆపుతుందో పరీక్షించిందెవరు? ఆ మందు పోయినేడాది మందులాగే మండుతుందని చెప్పేదెవరు? "ఇంకొంచెం పొయ్యి, గట్టిగా పోద్ది" అనడమే అక్కడ లెక్క.

ఆ లెక్క మా ఇంట్లో అందరికీ తెలుసు. మా చినమావ కుడి చేతికి రెండు వేళ్లు లేవు. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అలాంటి తుపాకీయే మూతి దగ్గర కాక చేతి దగ్గర పేలింది. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. ఆస్పత్రిలో ఎలా జరిగిందని అడిగితే చెట్టు మీద నుంచి పడ్డాడని చెప్పారు. నిజం చెప్తే కేసు. అబద్ధం చెప్తే డాక్టరుకి గాయంలో మందు, సీసం ఉన్న సంగతి తెలీదు. వేళ్లు పోవడానికి అది కూడా కారణమేనేమో అని మావ ఇప్పటికీ అంటాడు. ఆ రోజు అడవిలో చచ్చిన జంతువు ఒక్కటీ లేదు.

మరి మన తాతలు సొంతంగా ఏదీ చేసుకోలేదా అంటే చేసుకున్నారు. మా తాత బాణాలు ఆయనే చేసుకునేవాడు. వెదురు ఎండబెట్టి, నిప్పు మీద కాచి వంకర తీసేవాడు. కమ్మరి చేసిన మొన పెట్టాక అరటి బోదె నిలబెట్టి ఒక్కోదాన్నీ వేసి చూసేవాడు. పక్కకి పోయే బాణాన్ని విరిచి పొయ్యిలో పెట్టేవాడు. దూరం నుంచి వెయ్యడు. దెబ్బతిన్న జంతువు పారిపోయి పొదలో చస్తే అది పాపం అనేవాడు. ఆయనకి గ్రెయిన్లు తెలీవు. అయినా ఆ అమెరికా పెద్దాయన పక్కన కూచోవాల్సినవాడు మా తాతే, నాటు తుపాకీ నింపేవాడు కాదు. చేత్తో చేయడంలో గొప్ప లేదు. చేసిన దాన్ని పరీక్షించి, బాగోనిది పారేయడంలో ఉంది.

ఇక చట్టం సంగతి. ఆ వీడియోలో పెద్దాయనకి లైసెన్సు ఉంది, సీజన్ ఉంది, ఎన్ని జింకలో లెక్క ఉంది. ఆయన కొనే తూటాల మీద 11 శాతం పన్ను 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల కోసమే పోతుంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని, కణుజుని వేటాడటం నేరం. తుపాకీతో అయినా, బాణంతో అయినా. లైసెన్సు లేని తుపాకీ ఉంచుకోవడం ఆయుధాల చట్టం కింద ఇంకో నేరం. మనకి ఎంతో ఇచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ వేట హక్కుని మాత్రం మినహాయించింది.

ఇది న్యాయమా అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. అమెరికాలో క్రో తెగకి చెందిన హెరెరా అనే ఆయన ఎల్క్ జింకని వేటాడాడని వయోమింగ్ రాష్ట్రం కేసు పెడితే, 1868లో తన తెగ చేసుకున్న ఒప్పందం చూపించి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. రాష్ట్రం ఏర్పడినంత మాత్రాన ఆ వేట హక్కు పోలేదని 2019లో కోర్టు చెప్పింది. అయిదుగురు జడ్జిలు అటు, నలుగురు ఇటు. హక్కు కావాలంటే అలా కాగితం పట్టుకుని వెలుగులో అడగాలి. రాత్రిపూట నాటు తుపాకీతో వచ్చేది హక్కు కాదు, కేసు. ఆ కేసు రేపు మావాడు కానిస్టేబుల్ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టినప్పుడు వెరిఫికేషన్‌లో ముందు నిలబడుతుంది.

ఇదంతా తమ్ముడికి ఫోన్‌లో చెప్పాను. మధ్యలో రెండుసార్లు సిగ్నల్ పోయింది. చివరికి వాడు అన్నది ఒకటే: "మరి ఒట్టి చేతుల్తో వస్తే?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. కాసేపాగి, "పేడనీళ్లు కడుక్కుంటే పోతాయిరా. మావ చేయి సూడు" అన్నాను. వాడేం మాట్లాడలేదు. మర్నాడు అమ్మ ఫోన్ చేసి, వాడు అటక మీద ఉన్న తాత విల్లు దింపి నూనె రాస్తున్నాడని చెప్పింది.

విల్లుతో కూడా అడవికి పోకూడదు. అది కూడా చెప్పాలి. అందుకే ఈసారి పండగకి నేను ఊరెళ్తున్నాను. అరటి బోదె నిలబెట్టి గురి పోటీ పెడదామని పెద్దలని అడుగుతాను. ఓడినవాడి మీద పేడనీళ్లు పొయ్యమని అక్కలకి చెప్తాను. ఒప్పుకుంటారో లేదో చూడాలి.

మీ ఊళ్లో ఇలాంటి పోటీ ఎవరైనా పెట్టి ఉంటే ఎలా చేశారో చెప్పండి. పండగలోపు తెలిస్తే మాకు పనికొస్తుంది.

జోహార్.