మరియు బృందం

పాత గ్రామఫోను ప్లేట్లు సేకరిస్తానని చెబితే జనం రెండు ప్రశ్నలు అడుగుతారు. "ఘంటసాలవి ఎన్నున్నాయి?" అనేది మొదటిది. "మీ వారికి పాటల పిచ్చా?" అనేది రెండోది. హైదరాబాదు జుమేరాత్ బజారులో ఒక పాత సామాన్ల వ్యాపారి అయితే, నేను బేరమాడి డబ్బులిచ్చిన తర్వాత కూడా ప్లేట్ల కట్టను నాతో తోడొచ్చిన తమ్ముడి చేతికే ఇచ్చాడు. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మగవాళ్ళు పోగుచేస్తే అది అభిరుచి, సేకరణ. ఆడవాళ్ళు దాచుకుంటే పాత చింతకాయ పచ్చడి.

నా దగ్గరున్నవాటిలో మొదటి అరవై మా జేజివి. 'జేజివి' అనే మాట మా కుటుంబంలో అందరూ ఒప్పుకోరు. కొన్నది జేజినాయన కదా అంటారు. 1955లో, కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆయన అక్కడినుంచి ఒక గ్రామఫోను పెట్టె కొని ఓర్వకల్లుకు తెచ్చాడు. సాయంత్రాలు అరుగు మీద పెట్టి కీ తిప్పితే ఊళ్ళో పెద్దమనుషులంతా చేరేవారు. ఆడవాళ్ళు ముట్టుకుంటే ప్లేట్లు పగిలిపోతాయని ఇంట్లో ఒక నమ్మకం. జేజి వంటింట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చుని, గోడకవతలినుంచి వచ్చే పాట వినేది. "మొగోళ్ళు ముందర కూచోని ఇనిరి. నేను ఇంట్లోంచి ఇంటాంటి. ముందర కూచున్నోళ్ళకు మాట్లే గుర్తుండేవి. నాకు గొంతులు గుర్తుండాయి" అని చెప్పేది.

1984లో జేజినాయన పోయాకే ఆ పెట్టె ఆమె చేతికి వచ్చింది. అప్పటికి ఊళ్ళో టేపురికార్డర్లు వచ్చేశాయి గనక దాని కోసం పోటీపడే వాళ్ళు లేరు. ఆమెకు చదువు రాదు. అరవై ప్లేట్లూ ఒకే నలుపు, ఒకే గుండ్రం. అయినా అడిగిన పాటను క్షణంలో తీసేది. కుక్కబొమ్మ ఉన్నది, లేనిది, అంచు విరిగినది, గీత పడినది. తనకు బాగా ఇష్టమైనవాటికి మధ్యనున్న కాగితం మీద పసుపు బొట్టు పెట్టేది. సేకరణ లోకంలో దాన్ని 'లేబుల్ పాడైంది' అంటారు, ధర సగానికి పడిపోతుంది. గాయనులకు ఆమె పెట్టుకున్న పేర్లు వేరు. పి. లీల 'బాలింత గొంతు'. జిక్కి 'బావిగట్టు పిల్ల'. భానుమతి 'మొగుని మాట ఇననామె'. భానుమతి 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం వహించిందనీ, మరుసటి ఏడాది 'చక్రపాణి'కి సంగీతం కూర్చిందనీ నేను తర్వాతెప్పుడో చదువుకుని చెబితే, "నేను చెప్పలే?" అంది.

ఆ ప్లేట్ల లేబుళ్ళు చదివి పెట్టే పని చిన్నప్పుడు నాదే. ఒక పి.హెచ్.డి. పూర్తిచేసి, ప్రతుల్లో స్త్రీల సంతకాలను వెతకడం వృత్తిగా చేసుకున్న నాకు, వెతుకులాట అలవాటైంది ఆ అరచేతి వెడల్పు కాగితం మీదనే అనిపిస్తుంది. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. పక్కకు మూడు నిమిషాల పైచిలుకు పాట. ఆ మూడు నిమిషాల్లో ఎంతమంది శ్రమ ఉందో, ఎవరి పేరు రాయదగిందో ఎవరో ఒకరు నిర్ణయిస్తారు.

మన దేశంలో గ్రామఫోను చరిత్ర మొదలైందే స్త్రీల గొంతులతో. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చినప్పుడు, గౌరవనీయ కుటుంబాల వాళ్ళు యంత్రం ముందు నోరు విప్పడానికి వెనకాడితే, పాడింది వృత్తి గాయనులు. గౌహర్ జాన్ పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకునేది. అచ్చొత్తడానికి జర్మనీలోని హానోవర్ పంపే ప్లేట్లు అక్కడివాళ్ళు గుర్తుపట్టడానికి ఆ ఏర్పాటని చెబుతారు. కారణం ఏదైనా, నూట ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ ప్లేటు పెడితే ఆమె తన పేరు తను చెబుతుంది. సినిమా వచ్చాక ఆ వీలు పోయింది. 1949లో 'మహల్' చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన పాట ప్లేటు మీద పాడినవారి పేరు దగ్గర 'కామిని' అని వేశారు. కామిని ఆ సినిమాలో మధుబాల వేసిన పాత్ర! కళ్ళముందు పాడిన మనిషి లేదు, కథలోని లేని మనిషి ఉంది.

మన పరిశోధకులకు బెంగుళూరు నాగరత్నమ్మ అంటే 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను అచ్చువేసిన మనిషి. ఆమె గ్రామఫోను ప్లేట్లు కూడా ఇచ్చింది. ఆ పుస్తకం మీద నిషేధం పడ్డ కాలంలోనే ఆ గొంతు ఇళ్ళలో మోగిందన్నమాట. మనం పుస్తకాన్ని పట్టుకున్నాం, గొంతును వదిలేశాం. భావకవిత్వం గురించి పాఠం చెప్పేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. ఆ గేయాలు చదువురాని వాళ్ళకు చేరింది సంపుటాల ద్వారా కాదు. రావు బాలసరస్వతీదేవి, టంగుటూరి సూర్యకుమారి, వింజమూరి అనసూయ, సీత వంటి వాళ్ళ గొంతుల ద్వారా. శంకరంబాడి సుందరాచారి 'దీనబంధు' సినిమా కోసం 1942లో రాసిన తెలుగుతల్లి పాట ఆ సినిమాలో చోటు చేసుకోలేదు. సూర్యకుమారి ప్లేటు ఇవ్వబట్టే అది ఊరూరా పాకింది, చివరికి రాష్ట్ర గీతం అయింది. కవిది మా సీమే, తిరుపతి. ఆయన విగ్రహం ఉంది. సూర్యకుమారి 1960ల్లో లండన్ చేరి, 2005లో అక్కడే కన్నుమూసింది. బాలసరస్వతి 1944లో కొలంక రాజావారిని పెళ్ళాడాక క్రమేణా పాటకు దూరమై, మళ్ళీ చాలా ఏళ్ళకు గొంతు విప్పి, 2025 అక్టోబరులో వెళ్ళిపోయింది. ప్రొద్దుటూరులో పుట్టిన శాంతకుమారిని మనం సినిమా అమ్మగా గుర్తుపెట్టుకున్నాం, గాయనిగా కాదు.

వీళ్ళవైనా పేర్లున్నాయి. నన్ను వదలనిది లేబుల్ మీద ఆఖరున ఉండే రెండు ముక్కలు: 'మరియు బృందం'.

బృందం అంటే ఎవరు? నాట్లేసే పాటలో నాయికకు వంత పాడే ఇరవై గొంతులు, పెళ్ళిపాటలో ముత్తయిదువులు, విషాదంలో గుండె పిండే వెనుక ఆలాపన. ఎల్.ఆర్. ఈశ్వరి తల్లి నిర్మల మద్రాసులో జెమినీ స్టూడియోలో ఇలాగే బృందంలో పాడేది. తల్లి వెంట వెళ్ళిన ఈశ్వరి కూడా మొదట బృందంలోనే నిలబడింది. 1954 నాటి 'మనోహర' పాటలో అలా పాడింది. కూతురు ఆ వరసలోంచి ఒక అడుగు ముందుకు వచ్చి పేరు సంపాదించుకుంది. తల్లి ఆ రెండు ముక్కల్లోనే ఉండిపోయింది. ఈశ్వరికి పేరొచ్చాక దక్కింది కూడా ఎక్కువగా క్లబ్బు పాటలు! కథలో చెడ్డ ఆడదానికి ఒక గొంతు కావాలి కదా.

ఈ క్లబ్బు పాటలు బయటి దేశాల సేకర్తలకు ఇప్పుడు మహా ఇష్టం. బాంగోలు, అకార్డియన్, లాటిన్ దరువులు, మధ్యలో దక్షిణాది గొంతు. వాళ్ళ దగ్గర 'ఎగ్జాటికా' అని ఒక అరే ఉంది. 1957లో మార్టిన్ డెన్నీ ఎల్.పి. పేరు అది. దాని అట్ట మీదా, ఆ తర్వాత వచ్చిన ఎన్నో అట్టల మీదా ఒకే అమ్మాయి, శాండీ వార్నర్. ఆ ఎల్.పి.ల్లో ఆమె పాడదు, వాయించదు. ఒకసారి ద్వీపకాంతగా, ఒకసారి తూర్పుదేశపు సుందరిగా అట్ట మీద కనిపించడమే ఆమె పని. పెరూ గాయని ఈమా సుమాక్ 1950లో అమెరికాను ఊపేస్తే, ఆమె అసలు బ్రూక్లిన్ పిల్ల అనీ, ఏమీ కామస్ అనే పేరును తిరగేసి పెట్టుకుందనీ పుకారు పుట్టించారు. వాళ్ళకు మన గొంతు వింత. మన సినిమాకు వాళ్ళ దరువు వింత. రెండు చోట్లా ఆ వింతను ఆడదాని ఒంటికే తొడిగారు. ఆ పాటల్లో మాటల్లేకుండా కేకలు, నవ్వులు, నిట్టూర్పులు ఉంటాయి చూడండి, అవి పాడినవాళ్ళు చాలాచోట్ల 'బృందం' అన్న లెక్కలోకి కూడా రారు.

2017లో జేజి పోయింది. పదహారో రోజు పంపకాల్లో గ్రామఫోను పెట్టె సంగతి వచ్చింది. ఇత్తడి గొట్టానికి మంచి ధర ఉంది. హోటళ్ళవాళ్ళు వసారాలో అలంకారానికి పెట్టుకుంటారు. పెట్టెను మా చిన్నాయన అమ్మేశాడు. డబ్బు అన్నదమ్ములు పంచుకున్నారు. ప్లేట్లు ఎవరికీ వద్దు గనక నాకు 'ఇచ్చారు'. ప్లేట్లు తుడుస్తూ కూర్చున్న నన్ను చూసి మా అమ్మ ఒక్క మాటే అంది: "గొంతు మనకొచ్చింది, నోరు అమ్ముకున్నారు." ఇప్పుడు కరెంటు టర్న్‌టేబుల్ మీద వింటున్నాను. 78 ప్లేట్ల గాడి వెడల్పు, దానికి వేరే ముల్లు కావాలి. ఎల్.పి. ముల్లు పెడితే గాడి అడుగున దుమ్ములో దేకుతుంది. తుడవడానికి స్పిరిట్ వాడకూడదు, లక్క కరిగిపోతుంది. అవును, ఆ నల్లటి ప్లేటుకు మూలం లక్క. చెట్టుకొమ్మల మీద ఆ లక్కను స్రవించేది ఆడ పురుగే. ఇది తెలిసిన రోజు చాలాసేపు నవ్వుకున్నాను.

మా ఎండలకు మే నెలలో ఎల్.పి.లు అప్పడాల్లా వంగుతాయి. అందుకని అన్నిటినీ నాపరాళ్ళు పరిచిన లోపలి గదిలో నిలువుగా పెట్టాను. చెదలు మాత్రం అట్టలను వదలవు.

ఓర్వకల్లు పొదుపు సంఘాలకు పేరున్న ఊరు. 1995 తర్వాత ఐక్యరాజ్యసమితి పేదరిక నిర్మూలన కార్యక్రమం ఇక్కడికి వచ్చాక అవి బలపడ్డాయి. జేజి దాదాపు అరవై ఏళ్ళ వయసులో తన పేరు రాయడం నేర్చుకున్నది సంఘంలోనే. కిందటి ఏడాది ఒక సమావేశం అయిపోయాక ఆమె పసుపు బొట్టు ప్లేట్లు కొన్ని తీసుకెళ్ళి వినిపించాను. దంపుడుపాట ఒకటి వస్తే, "ఇట్ల కాదు, తప్పు పాడినారు" అని ఇద్దరు పెద్దవాళ్ళు వేరే వరసలో ఎత్తుకున్నారు. ప్లేటు ఆపి వాళ్ళ పాటే రికార్డు చేసుకున్నాను. తర్వాత వచ్చిన సినిమా పాటలో వంతపాట దగ్గర ఒకామె అడిగింది.

"ఎనకాల పాడేటోళ్ళు ఎవురు మే?"

"బృందం అని వేసినారు, పెద్దమ్మా."

"పేర్లు ల్యాకనా? ఎంతమంది?"

"తెలియదు."

"అదేంది మల్ల! మేము పదిమంది కూచుంటే తీర్మానాల పుస్తకంలో పదిమంది పేర్లూ రాస్తాము. రాకపోయినోళ్ళవి గూడా రాస్తాము, రాలేదని."

నేనూ ఒక పుస్తకం రాస్తున్నాను. ప్లేటు నంబరు, సినిమా, ఏడాది, లేబుల్ మీది పేర్లు ఒక పక్క. రెండో పక్కన బృందానికి గీతలు కొట్టి ఖాళీ వరసలు వదిలాను. పాత ఇంటర్వ్యూలు, పత్రికలు, ఫోన్లు పట్టుకుని వెతికితే ఇప్పటికి నిండినవి పదకొండు. సావిత్రి దర్శకత్వంలో, పి. లీల సంగీతంతో 1968లో వచ్చిన 'చిన్నారి పాపలు' ప్లేటు ఇంకా దొరకలేదు. స్త్రీలు నడిపిన ఆ పాటల్లో బృందం పేర్లు వేశారో లేదో చూడాలని ఉంది.

వచ్చే వారం మద్రాసు వెళ్తున్నాను. కోడంబాకంలో ఒకావిడ, ఎనభై దాటింది, 1960ల్లో వంతపాటలు పాడానని ఫోనులో చెప్పింది. ఏ ఏ సినిమాలో గుర్తులేదట. పాట వింటే తన గొంతు ఎన్నోదో చెబుతుందట. తన పక్కన నిలబడి పాడినవాళ్ళ పేర్లు మాత్రం గుక్క తిప్పుకోకుండా ఆరు చెప్పింది. ప్లేటు తెమ్మంది. ఒక అంచున పగులుంది దానికి, చుట్టు చుట్టుకూ టక్కుమంటుంది. రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టి, పైన అట్ట కట్టి, పెట్టెలో నిలువుగా సర్దాను.