పండక్కి ఎదురు ప్రయాణం

సంక్రాంతి దగ్గర పడిందంటే హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు బారులు తీరిన ఫొటో ఏటా పేపర్లో వస్తుంది. ఆ బారులో మా గోదావరి జిల్లాలకి వచ్చే బండ్లు ఎన్నో. భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం, రామచంద్రపురం... పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని, తెల్లారేసరికి ఇల్లు చేరాలని బయల్దేరినవాళ్లు. చర్లపల్లి నుంచీ లింగంపల్లి నుంచీ కాకినాడకీ నరసాపురానికీ వేసే ప్రత్యేక రైళ్లు వేసినవి వేసినట్టే నిండిపోతాయి. అవే రోజుల్లో ఇటు నుంచి అటు వెళ్లే రైళ్లలో చోటు ఉంటుంది. ఈ సంగతి మాకు మొన్న పండక్కి గానీ తెలియలేదు.

మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. పండగ మూడు రోజులూ డ్యూటీ పడింది. "ఈసారి రావడం కుదరదు నాన్నా, అమ్మకి నువ్వే చెప్పు" అంది ఫోన్లో. నేను చెప్పేలోపే వాళ్లమ్మ వినేసింది. "అది ఒక్కతీ అక్కడ క్యాంటీన్లో తింటూ ఉంటే నాకిక్కడ అరిసె గొంతు దిగుతుందాండీ? మనమే వెళ్దాం" అంది.

వెళ్దాం అనడం తేలికే. సంక్రాంతి మాకు పెద్దల పండగ. ఆ రోజు పోయినవాళ్ల పేరు చెప్పి కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ ఆకులో వడ్డించి, గుమ్మడికాయ దానమిచ్చాకే మిగతావాళ్లం తింటాం. అలాంటి రోజున ఇంటికి తాళం వేసి వెళ్లడమా అని నాకు మనసొప్పలేదు. అన్నయ్య దగ్గరికి వెళ్లి అడిగాను. "పెద్దలకి నేను పెడతాన్రా. నీ చేతిదైనా నా చేతిదైనా వాళ్లకి ఒకటే. మీరు పిల్ల దగ్గరికి వెళ్లండి" అన్నాడు. ఆ మాటతో నా గుండె బరువు దిగింది. ఆవునీ దూడనీ కూడా ఆయన పాకకే తోలి, అరిసెలు, సున్నుండలు, జంతికలు, ఆత్రేయపురం పూతరేకులు డబ్బాలకెత్తి, మనవలు గుచ్చిన భోగి పిడకల దండ ఒకటి గోనెసంచిలో వేసుకుని బయల్దేరాం.

మా కోనసీమకి రైలు ఇంకా రాలేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా వేయాల్సిన లైను కోసం బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల నుంచీ చూస్తున్నాం. అందుకని బస్సులో రాజమండ్రి వెళ్లి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మేం ఎక్కుతుంటే అవతలి ప్లాట్‌ఫారం మీద పట్నం నుంచి వచ్చిన రైలు దిగిన జనం. సూట్‌కేసులు, చంకల్లో పసిపిల్లలు, తీసుకెళ్లడానికి వచ్చిన తాతలు, బావమరుదులు. మా పెట్టెలో మాత్రం మనిషికి రెండు బెర్తుల చొప్పున ఖాళీ.

గోదావరి వాళ్లు చలికాలంలో మహానగరానికి వెళ్లడం కొత్తేం కాదు. మా తాతల కాలంలో ఆ నగరం మద్రాసు. 1927 డిసెంబరులో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దానితోపాటు పెట్టిన సంగీత సదస్సు నుంచే మ్యూజిక్ అకాడమీ పుట్టింది. ఏటా డిసెంబరులో కచేరీలు వినడానికి మన వైపు నుంచీ రసికులు మెయిలెక్కేవారు. మా కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ ఆ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. 1956లో హైదరాబాద్ రాజధాని అయ్యాక మన రైళ్లు హైదరాబాద్ వైపు తిరిగాయి. చదువులకీ, ఉద్యోగాలకీ, ఆఫీసు పనులకీ వెళ్లాం. పండక్కి మాత్రం ఎప్పుడూ అక్కణ్నుంచి ఇక్కడికే వచ్చాం.

భోగి నాడు తెల్లవారుజామున కూకట్‌పల్లిలో అమ్మాయి ఉండే అపార్ట్‌మెంట్ ముందు మంట వేశాం. తలుపులన్నిటికీ తాళాలే. మిగిలింది మేమూ, సొంతూరు ఎటూ లేని ఒక పెద్దావిడా, వాచ్‌మన్ కుటుంబమూ. వాచ్‌మన్ వాళ్లది పాలమూరు వైపు. "అందరూ ఊర్లకు పోయిన్రు సార్, మీరొక్కరే వచ్చిన్రు" అన్నాడు. ఇళ్లన్నీ ఖాళీ అయినప్పుడు కాపలా మరింత గట్టిగా ఉండాలి కాబట్టి అతనికి పండగకి సెలవనే మాట లేదట. వాళ్లకి నాలుగేళ్ల పాప. మా ఆవిడ సాయంత్రం ఆ పాపని పీట మీద కూర్చోబెట్టి, రేగిపళ్లు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర కలిపి దోసిలితో తల మీద పోసి దిష్టి తీసింది. కింద పడ్డ డబ్బులు ఏరుకోవడానికి పిల్లలెవరూ లేకపోతే వాచ్‌మనే నవ్వుతూ ఏరి పాప గుప్పిట్లో పెట్టాడు. మా ఇంట్లో భోగిపళ్లు పోయక చాలా ఏళ్లయింది. ఆ పాప పుణ్యమా అని ఆ వేడుక మళ్లీ మా చేతుల మీదుగా జరిగింది.

సంక్రాంతి నాడు క్యారియర్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాం. అమ్మాయి ఒక్కదానికే అనుకుని వండుకెళ్లామా, ఆ వార్డు నర్సుల గదిలో పండగ డ్యూటీ పడ్డవాళ్లు ఇంకా ఎందరో. ఒకమ్మాయిది ఖమ్మం, ఒకమ్మాయిది మా రాజోలే, ఇద్దరు కేరళ పిల్లలు. గది బయట వార్డులో, మొన్నటి దాకా మా అమ్మాయికి కోడిపందేల కబుర్లు చెప్పిన భీమవరం ముసలాయన, ఇప్పుడు ఆపరేషనై కళ్లు మూసుకుని పడుకున్నాడు. రోగానికి పండగ తెలియదు. ఆ తెలియకపోవడాన్ని మోస్తున్నది ఈ పిల్లలు. పులిహోరా బొబ్బట్లూ తలా కాస్త పంచితే, రాజోలు అమ్మాయి అరిసె నోట్లో పెట్టుకుని, "మా అమ్మ కూడా ఇలాగే నువ్వులు ఎక్కువేస్తదండీ" అని కళ్లు తుడుచుకుంది. బెల్లం పాకానికి ఇంత శక్తి ఉంటుందని మా ఆవిడకీ నాకూ ఆ గదిలోనే తెలిసింది.

కనుమ నాడు మా కోనసీమలోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. ఆ వేడుక 2023లో రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ కూడా వెళ్లింది. దాన్ని వదులుకోవడం నాకు నిజంగా బాధే. ఆ రోజు అమ్మాయి విరామంలో ఫోన్లో తీర్థం వీడియో తెరిస్తే అందరూ దాని చుట్టూ మూగారు. గంగలకుర్రు ప్రభని భుజాల మీద ఎత్తుకుని కుర్రాళ్లు నిండు కాలవలోకి దిగేసరికి కేరళ అమ్మాయి, "అయ్యో, మునిగిపోరా?" అని నా చెయ్యి పట్టుకుంది. మునగరమ్మా, ఏటా దాటుతారు అన్నాను. ప్రభ అవతలి గట్టెక్కేదాకా ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

అమ్మాయికి ఖాళీ దొరికిన పూటల్లో నగరం చూశాం. సంక్రాంతికి ఖాళీ అయ్యే హైదరాబాద్ చూడదగ్గది. అమీర్‌పేట చౌరస్తా దాటడానికి ప్రాణం అరచేతిలో పెట్టుకోనక్కర్లేదు. మెట్రోలో కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. సాయంత్రం మేడల మీద పతంగులు. మా వైపు పిల్లలూ గాలిపటాలు ఎగరేస్తారు కానీ పండగంతా వాటి చుట్టూ తిరగదు. ఇక్కడ తాతలూ మనవలూ ఒకే డాబా మీద నిలబడి, ఎదుటివాడి దారం తెగగానే "అఫా!" అని గొంతు చించుకుంటారు. చైనా మాంజాని 2017లోనే హరిత ట్రిబ్యునల్ నిషేధించినా ఇంకా దొంగచాటుగా అమ్ముతున్నారు. అది పక్షుల రెక్కలూ బండి మీద పోయే మనుషుల మెడలూ కోస్తోంది. నూలు మాంజాతో ఎగరేసినా ఆట ఆటే. పిల్లలకి ఆ దారం కొనిపెట్టేది పెద్దలే కాబట్టి ఇది పెద్దలకే చెప్పాలి.

గాంధీభవన్ స్టేషన్లో దిగితే పక్కనే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం. అక్కడ జరిగే నుమాయిష్ ప్రదర్శన మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలుపెట్టారు. 1946లో ఇప్పటి చోటికి మార్చారు. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ కుట్టు, రాజస్థాన్ అద్దాల పని, ఒకవైపు మిర్చిబజ్జీల నూనె వాసన, ఇంకోవైపు పిల్లల రైలు. ఒక కొట్లో తెల్లటి లేసు అల్లిక చేత్తో తడిమి చూసి మా ఆవిడ, "ఇది మన నరసాపురం అల్లికేనా అండీ?" అని కొట్టువాణ్ని అడిగింది. అవునన్నాడు. మన ఊళ్ల ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని కొక్కీతో అల్లింది ఇంత దూరం వచ్చి వెలుగుతుంటే ఆవిడ ముఖంలో గర్వం నేను చూశాను. ఈ ప్రదర్శన మీద వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. పక్కనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. మనం కొన్న శాలువ ఎక్కడో ఒక ఆడపిల్ల చదువుకి సాయపడుతుందంటే బేరం ఆడబుద్ధి కాలేదు.

పండగ ఊళ్లోనే ఉంటుందనే నేను ఇన్నాళ్లూ నమ్మాను. ఊరి ముగ్గూ, హరిదాసూ, ప్రభలూ నగరంలో దొరకవు, అది నిజం. కానీ మనకి ఊళ్లో పండగ కుదిరేది, నగరంలో ఎవరో పండగ మానుకుని పని చేస్తేనే. మనవాళ్లని ఇంటికి తెచ్చే రైలు నడిపే డ్రైవరుకీ, టోల్ గేటు దగ్గర రాత్రంతా నిలబడే పోలీసుకీ, 108 బండిలో ఉండేవాళ్లకీ సెలవు ఇవ్వమనలేం. వాళ్లు రాలేకపోతే మనం వెళ్లొచ్చు.

ఈ సంక్రాంతికి మీ అబ్బాయికో అమ్మాయికో సెలవు దొరకలేదని తెలిస్తే అలగకండి. పెద్దలకి పెట్టే పని అన్నదమ్ములకి అప్పజెప్పి మీరే వెళ్లండి. వెళ్లేటప్పుడు పాకం కాస్త ఎక్కువే పట్టి, మీ పిల్లతోపాటు ఆ వార్డులో వాళ్లందరికీ సరిపడా అరిసెలు పట్టుకెళ్లండి.