ఎల్-వన్ మనిషి

ఉద్యోగమంతా కొనుగోళ్ల విభాగంలోనే చేశాను. సీల్డ్ కవర్లు తెరవడం, కంపారిటివ్ స్టేట్‌మెంట్ వేయడం, అందరికంటే తక్కువ కోట్ చేసినవాడి పేరు పక్కన ‘ఎల్-వన్’ అని రాసి పై అధికారికి పంపడం. ఎల్-వన్‌ను కాదని ఎల్-టూకి ఆర్డరిస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు, విజిలెన్స్ వాళ్లు అసలే ఊరుకోరు. దాంతో తక్కువ ధరకు కొనడమే ధర్మం అని నాకు అలవాటైపోయింది. రిటైరై నాదర్‌గుల్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ అలవాటు వదల్లేదు. దాంతోనే డాబా మీద సోలార్ పెట్టించాను. దాంతోనే ఏళ్ల తరబడి రాష్ట్రం కొనే కరెంటు మీద కూడా తీర్పులు చెబుతూ వచ్చాను. రెండు చోట్లా పప్పులో కాలేశాను.

ముందు డాబా సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్య ఘర్ పథకం తెచ్చింది. మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల రూపాయల సబ్సిడీ. మన ఎండకు మూడు కిలోవాట్ల పలకలు రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తాయి, మా ఇంటి వాడకం అంతకు మించదు. పాత వాసన పోదు కదా, మూడు కొటేషన్లు తెప్పించాను. ముగ్గురినీ అడిగింది ఒకటే: కిలోవాట్‌కు ఎంత పడుతుంది? తక్కువ చెప్పినవాడికి ఇచ్చేశాను. మరుసటి నెల బిల్లు చూసి మురిసిపోయి కాలనీలో పదిమందికి చూపించాను కూడా.

ఆ వేసవిలో ఓ మధ్యాహ్నం గాలిదుమారం వచ్చింది. పావుగంటలో వెలిసి మళ్లీ ఎండ కాసింది గానీ ఎక్కడో చెట్టుకొమ్మ తీగల మీద పడి మా ఫీడర్ పోయింది. మాకేం, సోలార్ ఉందిగా అని ఫ్యాన్ స్విచ్ వేశాను. తిరగలేదు. డాబా ఎక్కి చూస్తే పలకలు తళతళలాడుతున్నాయి, గోడకున్న ఇన్వర్టర్ మీద మాత్రం ఎర్ర లైటు. బిగించిన కుర్రాడికి ఫోన్ చేశాను.

“లైన్ల కరెంటు పోతే మీది గూడ పోతది సార్. ఆన్‌గ్రిడ్ గదా.”

“ఇంత ఎండ ఉందిగా బాబూ?”

“ఎండుంటే ఏంది సార్? మీ పలకల కరెంటు లైనెక్కితే, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ఏమైతడు? అందుకే దానంతటదే బంద్ అయితది. కరెంట్ లేనప్పుడు గూడ నడవాల్నంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ కావాలె. మీరు అడగలే.”

అడగలేదు, నిజమే. కొటేషన్ రెండో పేజీ అడుగున ‘బ్యాటరీ లేకుండా’ అని అచ్చులో ఉంది, దాని కింద నా సంతకం. షరతులు చదవకుండా సంతకం పెట్టారని ఎంతమంది జూనియర్లను చీవాట్లు పెట్టానో. ఆ పూట మా ఆవిడ విసనకర్రతో విసురుకుంటూ, “డెబ్బై ఎనిమిది వేలు వెనక్కొచ్చాయన్నారు, ఫ్యాను మాత్రం రాలేదే?” అంది. నాకు జవాబు లేకపోయింది.

ఇది మా ఇంటితో పోయే తప్పయితే రాయను. యూనిట్ ధర ఒక్కటే చూసి, ఏ వేళకు ఇస్తాడు, ఇవ్వకపోతే ఏమిటి అని అడక్కపోవడం నాకు ముందు నుంచీ ఉన్న జబ్బే. 2003 విద్యుత్ చట్టంలో రాష్ట్రం కరెంటు కొనడానికి రెండు దారులున్నాయి. సెక్షన్ 62 ప్రకారం, పెట్టిన ఖర్చు లెక్కగట్టి దాని మీద లాభం కలిపి నియంత్రణ మండలి ధర నిర్ణయిస్తుంది. సెక్షన్ 63 ప్రకారం, బహిరంగ వేలంలో వచ్చిన ధరను మండలి యథాతథంగా ఆమోదిస్తుంది. నేను పుట్టుకతో 63 పక్షం. 2007లో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర నాలుగు వేల మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును రిలయన్స్ పవర్ యూనిట్ 2 రూపాయల 33 పైసలకు గెలుచుకుంటే, క్యాంటీన్‌లో ఆ అంకె చెప్పి ఎందరి నోళ్లు మూయించానో చెప్పలేను. “చూశారా, పోటీ పెడితే ఎలా దిగొస్తారో!”

మా పక్కూరు బాలాపూర్ లడ్డూ వేలం తెలుగువాళ్లందరికీ తెలిసిందే. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకు చేరింది. అక్కడ పాట పైకి పోతుంది, కరెంటు వేలంలో కిందికి దిగుతుంది. నేను ఆ తేడా ఒక్కటే చూశాను. అసలు తేడా వేరే ఉంది: బాలాపూర్‌లో లడ్డూ అందరి కళ్ల ముందు ఉంటుంది, పాట ముగియగానే నెత్తిన పెట్టుకుని పోతారు. కరెంటు వేలంలో లడ్డూ ఇంకా చేయలేదు. శనగపిండి ఏ దేశం నుంచి రావాలో, అప్పటికి దాని ధర ఎంత ఉంటుందో పాట పాడినవాడికీ తెలియదు.

కృష్ణపట్నంలో అదే జరిగింది. బొగ్గు ఇండోనేసియా నుంచి రావాలి. 2010లో ఆ దేశం తన బొగ్గును అంతర్జాతీయ ధరకు తక్కువగా అమ్మకూడదని నిబంధన పెట్టింది. ఈ ధరకు మా వల్ల కాదని కంపెనీ 2011లో పని ఆపేసింది. ఆ తర్వాత నడిచింది కోర్టు వ్యవహారమే. 2 రూపాయల 33 పైసల కరెంటు ఒక్క యూనిట్ కూడా ఎవరింటికీ రాలేదు. 2012-13లో ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు ఇచ్చారు, హైదరాబాద్ ఇళ్లల్లో వేళ ప్రకారం కోతలు పెట్టారు. అదంతా ఈ ఒక్క ప్లాంటు రాకపోవడం వల్లేనని అనను. కృష్ణా గోదావరి గ్యాస్ తగ్గింది, జలాశయాల్లో నీళ్లు లేవు. ఉత్తరాదిన కరెంటు దొరికినా తెచ్చుకునే తీగలు చాలవు. దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో పూర్తిగా కలిసిందే 2013 డిసెంబర్ 31న, రాయచూర్–షోలాపూర్ లైను పడ్డాక. అయినా, వస్తుందని కాగితం మీద రాసుకున్న మెగావాట్లు రాకపోతే వాటి చోటు ఖాళీగానే ఉంటుంది కదా. ఎల్-వన్ చేతులెత్తేస్తే ఎల్-టూను పిలిచే వీలు మా ఆఫీసులో ఉండేది. పవర్ ప్లాంటు విషయంలో అది తేలేసరికి నాలుగేళ్లు గడిచిపోతాయి.

ఆ ఖాళీతోనే తెలంగాణ పుట్టింది. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌తో అవగాహన కుదిరింది. మరుసటి ఏడాది వెయ్యి మెగావాట్లకు పన్నెండేళ్ల ఒప్పందం రాసుకున్నారు. వేలం లేదు. అప్పట్లో నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను, టెండర్ లేకుండా పన్నెండేళ్ల కొనుగోలా అని. 2024లో దాని మీద విచారణ కమిషనే వేశారు. వేలం పెట్టాల్సిందని ఇప్పటికీ అంటాను. కానీ ఒక మాట నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. కొరత నెత్తి మీదికి వచ్చాక వేలం పెట్టినా పెట్టకపోయినా ధర చెప్పేది అమ్మేవాడే. పోటీ పని చేయాలంటే కొనేవాడి దగ్గర టైముండాలి. అంటే అయిదేళ్ల తర్వాత ఏ నెలలో, ఏ గంటలో ఎంత కావాలో ఇవాళే లెక్క వేసుకుని ఉండాలి. ఆ లెక్క రాష్ట్రాలు తప్పక వేయాలని కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది 2023లో.

2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో సోలార్ యూనిట్ 2 రూపాయల 44 పైసలకు వచ్చినప్పుడు నా నోరు మళ్లీ లేచింది. నాలుగు, అయిదు రూపాయలు పోసి బొగ్గు కరెంటు కొనేవాళ్లు మూర్ఖులని మా వీధి చివర ఉండే పెద్దమనిషితో వాదించాను. ఆయన శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అంతా విని ఒకటే అడిగారు: “అన్నా, నీ రెండు నలభై నాలుగు వాడు రాత్రి ఏడు గంటలకు ఇస్తడా?”

ఆయన పనిచేసిన చోట ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు. వాటిని తిప్పేసి పంపులుగా నడపొచ్చు: కరెంటు ఎక్కువైనప్పుడు దిగువ నీటిని పైకి తోడి, గిరాకీ వేళకు మళ్లీ కిందికి వదలడం. నాగార్జునసాగర్‌లోనూ ఏడు యూనిట్లు అలాంటివే. తోడడానికి వంద యూనిట్లు పోస్తే తిరిగి వచ్చేది డెబ్బై అయిదో ఎనభయ్యో. “మరి నష్టమేగా?” అన్నాను. “మధ్యాహ్నం యూనిట్ రెండు రూపాయలుండి, రాత్రి పదుంటే నష్టమెట్లయితది?” అన్నారాయన. పవర్ ఎక్స్చేంజ్‌లో ఎండ వేళ ధర నేలకు దిగడం, పొద్దు గుంకాక పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకడం ఇప్పుడు తరచూ చూస్తున్నదే. అక్కడ రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో ధర కడతారు. నేనేమో ఇరవై నాలుగు గంటలకూ కలిపి ఒకే అంకె పట్టుకుని ఊరేగాను.

నా కళ్లు తెరిపించిన టెండర్ 2020 జనవరిలో తేలింది. కేంద్ర సంస్థ సెకీ 1,200 మెగావాట్లకు పిలిచింది. అందులో మామూలు వేళల ధర 2 రూపాయల 88 పైసలని ముందే ఖాయం చేసేసి, రోజూ ఆరు గంటల పీక్ సరఫరాకు ఎంత తీసుకుంటారో చెప్పమంది. హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కో 6 రూపాయల 12 పైసలకు 900 మెగావాట్లు గెలిచింది. పాత నేనైతే 2.44 పక్కన 6.12 రాసి టెండర్ రద్దు చేయమని నోట్ పెట్టేవాణ్ణి. రెండూ కరెంటే గానీ ఒక్క సరుకు కాదని అప్పుడు అర్థమైంది. అదే గ్రీన్‌కో నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ చేపట్టిందంటే, మా శ్రీశైలం పెద్దమనిషి చెప్పిన లెక్కే అక్కడా నడుస్తున్నట్టు.

బ్యాటరీల టెండర్లయితే నాలాంటి కొనుగోళ్ల మనిషికి చదువుతుంటే నోరూరుతుంది. అక్కడ యూనిట్ ధరే ఉండదు. మెగావాట్‌కు నెలకింత అని అద్దె. సెకీ ఒప్పందాల్లో బ్యాటరీ నెలలో నూటికి 95 పాళ్లు సిద్ధంగా ఉండాలి, పెట్టిన కరెంటులో కనీసం 85 పాళ్లు తిరిగి ఇవ్వాలి, తగ్గితే జరిమానా. ఏ వేళకు, ఎంతసేపు, ఇవ్వకపోతే ఏమిటి అన్నీ కాగితం మీద ఉన్నాక అప్పుడు ధరకు పోటీ. ఎల్-వన్ అన్న మాటకు అర్థం వచ్చేది అక్కడే.

అలాగని చిక్కు తీరలేదు. 2022లో సెకీ పిలిచిన 500 మెగావాట్ల, రెండు గంటల బ్యాటరీకి వచ్చిన అద్దె మెగావాట్‌కు నెలకు 10 లక్షల 83 వేలు. 2024 మార్చిలో గుజరాత్ టెండర్‌లో సుమారు 4 లక్షల 49 వేలు. ఆ ఏడాది చివర్లో రాజస్థాన్‌లో, కేంద్ర సాయం కలుపుకుని, 2 లక్షల 21 వేలు. మొదటిది పక్కా వేలంలో వచ్చిన ధరే. అయినా ఒప్పందాలు సకాలంలో కుదరక, ఈలోగా మార్కెట్ పడిపోవడంతో 2025 జనవరిలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి దాన్ని ఆమోదించలేదు. వేలంలో గెలిచిన ధర కూడా రెండేళ్లలో పాతబడుతుందని నా సర్వీసులో ఏ మాన్యువల్ చెప్పలేదు. మరి ఇంకా తగ్గుతుందని కూర్చుందామా? 2025 మార్చిలో తెలంగాణ గిరాకీ 17 వేల మెగావాట్లు దాటింది. ఆగితే ధర దిగుతుందేమో గానీ గిరాకీ ఆగదు. అంతా ఒకేసారి కొనకుండా ఏటా కొంత కొంత వేలం వేయడమే నాకు తోచే దారి. ఆ మాట చెబితే శ్రీశైలం పెద్దమనిషి, “ఇన్నేండ్లకు బాగుపడ్డవ్” అని నవ్వారు.

ఇంటికీ ఇప్పుడు బ్యాటరీ పెట్టించాలి. పాత ముగ్గురికీ మళ్లీ రాశాను, ఈసారి కిలోవాట్ ధర అడగలేదు. కరెంటు పోయాక ఫ్రిజ్జు, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు ఎన్ని గంటలు నడవాలి, ఎన్నిసార్లు చార్జి అయితే సత్తువ ఎంత తగ్గుతుంది, మే నెల ఎండలో మెట్ల కింద పెడితే తట్టుకుంటుందా, చెడిపోతే ఎన్నాళ్లలో బాగుచేస్తారు అని అడిగాను. పోయినసారి ఎల్-వన్ జవాబే ఇవ్వలేదు. ఎల్-టూ, ధర చెప్పి మిగతావి ఫోన్‌లో మాట్లాడుకుందాం అన్నాడు. ఎల్-త్రీ ఒక్కడే అన్నిటికీ కాగితం మీద రాసిచ్చాడు. ధర కూడా అందరికంటే ఎక్కువ. ఫైలు మా ఆవిడ దగ్గర పెండింగ్‌లో ఉంది. “తక్కువకు ఇచ్చేవాళ్లుండగా ఇతనికెందుకో ఒక ముక్క రాసివ్వండి” అంటోంది.