విమానం ఎగిరే షాట్ తరవాత…

తెలుగు సినిమాలో హీరో ఫారిన్ వెళ్ళాడంటే ఏం చూపిస్తారో మీకు తెలియంది కాదు. ఎయిర్‌పోర్టులో హీరోయిన్ చెయ్యి ఊపుతుంది. తల్లిగారు చెంగుతో కళ్ళొత్తుకుంటారు. విమానం రయ్యిన లేస్తుంది… కట్! వెంటనే ఇంకో విమానం దిగుతుంది. 'అయిదేళ్ళ తరవాత' అని తెర మీద అక్షరాలు. నల్ల కళ్ళద్దాలు, కొత్త కోటుతో హీరోగారు మెట్లు దిగుతూ ఉంటారు. మరి ఆ అయిదేళ్ళూ ఎక్కడికి పోయాయి? ఎడిటర్‌గారి కత్తెర కింద! హాల్లో కూచున్న మనకు వాటితో పని లేదు. పాట ఎప్పుడొస్తుందా అనే మన తొందర.

నాకిప్పుడు సరిగ్గా ఆ కత్తిరించి పారేసిన రీలే కావాలి. ఎందుకంటే మా ఇంట్లో మూడు నెలలుగా ఇదే పంచాయితీ. పోవాలా? వద్దా?

నేను పుట్టపర్తి వాణ్ణి. వయసు 33. అనంతపురంలో బి.ఏ. చదివి, పదేళ్ళుగా పత్రికలకు రాసుకుంటూ బతుకుతున్నాను. ఫ్రీలాన్స్ జర్నలిస్టు అంటారు నన్ను. అందులో 'ఫ్రీ' అనే ముక్క కొందరు సంపాదకులకు మహా ఇష్టం! పండగ సంచికల నెలలో కాస్త ఎక్కువ, లేని నెలలో కాస్త తక్కువ, మొత్తం మీద నెలకు 16 వేలు కళ్ళజూస్తాను.

మా నాయనకు అయిదెకరాల మెట్ట చేను ఉంది. అనంతపురం సీమలో సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని లెక్కలు చెప్తాయి. సగటుతో చేను తడవదు కదండీ! శెనక్కాయ ఊడలు దిగే వేళకు పడాల్సిన వాన, పంట కళ్ళంలో ఉన్నప్పుడు పడుతుంది. అందుకని నాయన బోర్ల మీద పడ్డాడు. నాలుగు వేశాడు. మూడింట్లో దుమ్ము లేచింది. నాలుగోది ఒక సంవత్సరం నీళ్ళిచ్చి, ఆ తరవాత అదీ దుమ్మే. మిగిలింది 5 లక్షల అప్పు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 10 వేలు. నేను రాసే ప్రతి వ్యాసంలోనూ సగానికి పైగా వడ్డీ వ్యాపారి రాయించుకుంటున్నాడన్న మాట!

ఈ సమయంలో మా అక్క మొగుడు ఫోన్ చేశాడు. బావ కువైట్‌లో 11 ఏళ్ళుగా డ్రైవరు.

"ఏం బామ్మర్దీ, ఇంకా సినిమా కతలే రాస్తాండావా? ఈడ పెద్ద అంగట్లో స్టోర్ కీపరు పని ఉండాది. ఇంగ్లీషు తెలిసినోడు కావాలంట. 150 దినార్లు. ఊఁ అను, వీసా పంపిస్తా."

"ఆలోచించుకుంటా బావా."

"ఆలోచించేకి ఏముండాదప్పా? ఆలోచించినోడు ఎవడూ ఈడికి రాలేదు!"

బావ నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు కాగితం, కలం తీసుకుని కూచున్నాను. దినారు మన డబ్బులో 270 రూపాయల పైమాటే. 150 దినార్లంటే 40 వేలు దాటుతుంది. వినడానికి బ్రహ్మాండం! అయితే అక్కడ తిండి ఉంది, నలుగురైదుగురు కలిసి ఉండే గదిలో మంచం అద్దె ఉంది, ఫోను ఉంది. బావ చెప్పిన లెక్కన అన్నీ పోగా 100 దినార్లు పంపొచ్చు. అంటే 27 వేలు. రెండేళ్ళకు 6 లక్షల 48 వేలు. కదిరిలో ఏజెంటు అడిగింది 1 లక్షా 20 వేలు. అది తీసేయండి. రెండేళ్ళ వడ్డీ 2 లక్షల 40 వేలు తీసేయండి. అసలులోకి పోయేది 2 లక్షల 88 వేలు. ఇంకా 2 లక్షల 12 వేలు బాకీ. రెండేళ్ళు అన్నది కాస్తా మూడేళ్ళయింది చూశారా! మరి ఇక్కడే ఉంటే? ముప్పయ్యేళ్ళయినా అసలు అక్కడే ఉంటుంది. లెక్క 'పో' అంటోంది, అందులో అనుమానం లేదు.

"అదేదో అమెరికాకే పోగూడదూ?" అని మీరడగొచ్చు. సినిమాల్లో ఫారిన్ అంటే అమెరికానే కదా! 1987లో జంధ్యాల గారు 'పడమటి సంధ్యారాగం' అక్కడే తీసుకొచ్చారు. 2000లో శేఖర్ కమ్ముల తొలి సినిమా 'డాలర్ డ్రీమ్స్' ఆ కలల మీదే. కానీ అమెరికా హెచ్-1బి వీసాలు కంపెనీల కోటాలో ఏడాదికి 85 వేలు. వాటికి ప్రపంచమంతా పోటీ, ఆ పైన లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము కూడా పెట్టారు. లక్ష డాలర్లు పోసి తెలుగులో సినిమా వ్యాసాలు రాసే బి.ఏ. వాణ్ణి తెప్పించుకునే కంపెనీ ఏదైనా ఉంటే దయచేసి నాకు కార్డు ముక్క రాయండి!

హాస్యానికేం గానీ, రెండు దేశాలకూ అసలు తేడా వేరే ఉంది. అమెరికాలో గ్రీన్ కార్డుకు పెద్ద క్యూ ఉంది. ఒక్కో దేశానికి ఏడు శాతం అని పరిమితి పెట్టడం వల్ల మనవాళ్ళ వంతు రావడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. అయినా క్యూ అంటూ ఒకటుంది. పిల్లలు అక్కడే చదువుకుంటారు, ఇల్లు కొనుక్కుంటారు. కువైట్‌లో పనికి పోయినవాడికి ఆ క్యూ కూడా లేదు. 11 ఏళ్ళున్నా మా బావ అక్కడ పనివాడే. పని పోయిందా, అకామా పోతుంది. అకామా పోతే పెట్టె సర్దుకోవలసిందే. అమెరికా పోవడం కాపురం మార్చడం. కువైట్ పోవడం మాత్రం ఇక్కడి కాపురంలో మనిషి లేకుండా పోవడం. మా అక్క పెళ్ళయి 14 ఏళ్ళు. భర్తతో కలిసి ఉన్న నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్తుంది. ఈ రెండింటికీ మన సినిమాల్లో ఒకటే విమానం షాట్ వాడతారు!

మా జిల్లాలోనూ, రాయచోటి, రాజంపేట వైపూ కువైట్ తెలియని వీధి ఉండదు. ఆడవాళ్ళు ఇంటిపనికి పోతారు, మగవాళ్ళు డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా పోతారు. అక్కడి భాషలో రెండు మాటలు మా పిల్లలకు కూడా తెలుసు. 'ఖాదిం వీసా' అంటే ఒక ఇంటి పనికి కట్టుబడి ఉండేది. 'షూన్ వీసా' అంటే కంపెనీ పనిది. ఖాదిం వీసా మీద తీసుకుపోయి అంగట్లో పని చేయిస్తే అది చట్టానికి విరుద్ధం. పట్టుబడితే శిక్ష పనివాడికే ముందు పడుతుంది. కఫీల్‌ను, అంటే యజమానిని, వదిలి బయటికొచ్చినవాణ్ణి 'కల్లివెల్లి' అంటారు. మాట వినడానికి ఏదో పాట పల్లవిలాగా ఉంటుంది గానీ, అలా అయినవాడు ఆసుపత్రికి పోవాలన్నా జంకుతాడు.

2024లో 'ఆడుజీవితం' వచ్చింది కదా! పృథ్వీరాజ్ ఎడారిలో గొర్రెలు, మేకల మధ్య మగ్గిపోయే సినిమా. మా వైపు గొర్రెల మందలకు కొదవ లేదు. హాల్లో నా వెనక వరసలో ఒక పెద్దాయన గట్టిగానే అన్నాడు: "గొర్రెలు కాసేకి సముద్రం దాటల్నా?" జనం నవ్వారు. ఇంటర్వెల్ తరవాత మాత్రం ఆయనా మాట్లాడలేదు, ఎవరూ నవ్వలేదు. అది నిజంగా జరిగిన కథ ఆధారంగా బెన్యామిన్ గారు రాసిన నవల. కత్తిరించిన రీలును చూపించిన సినిమా ఏదైనా ఉందంటే నా దృష్టిలో అదే.

ఇక మా ఊరి సంగతి వినండి, మీకే నవ్వొస్తుంది. అందరూ బయటి దేశాలు పోవాలని చూస్తుంటే, ఆ బయటి దేశాల వాళ్ళంతా పుట్టపర్తి వచ్చారు! సత్యసాయి బాబా గారి కోసం ఇటలీ, రష్యా, జపాన్, అర్జెంటీనా… మా వీధిలో అంగడి వాళ్ళు స్కూలు గడప దాటకుండానే ఇటాలియన్‌లో బేరాలాడేవారు. 1990లో విమానాశ్రయం కూడా వచ్చింది. టైంటేబుల్ ప్రకారం వచ్చిపోయే విమానం మాత్రం లేదు. మేము విమానం ఎక్కాలంటే బెంగుళూరుకు బస్సెక్కాలి! 2011లో బాబా గారు పోయాక విదేశీయులు తగ్గారు, లాడ్జీలు కొన్ని మూతబడ్డాయి. 2022లో జిల్లా కేంద్రం అయింది గనక ఆఫీసులొచ్చి కొంచెం నిలదొక్కుకుంది. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019 నుంచి నడుస్తోంది. కానీ కార్ల ఫ్యాక్టరీకి సినిమా విలేఖరితో ఏం పని చెప్పండి!

ఇక్కడే ఉండిపోయిన విదేశీయుల్లో ఒక ఇటలీ ముసలావిడ నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు ఆవిడకు ఉత్తరాలు పోస్టు చేసిపెట్టి చాక్లెట్లు తినేవాణ్ణి. మొన్న వెళ్ళి అడిగాను: "మీరు దేశం వదిలి ఇంతదూరం వచ్చారు కదా, నాకేం చెప్తారు?" నేననుకున్నాను, ఏదో వేదాంతం చెప్తుందని. ఆవిడ బీరువాలోంచి బ్యాంకు పుస్తకం తీసి చూపించింది.

"చూడు నాయనా, తిరుగు టికెట్టు డబ్బు. ముప్పయ్యేళ్ళుగా ఇందులోంచి రూపాయి ముట్టుకోలేదు. ఇది ఉంది గనక నేనిక్కడ ఇష్టపడి ఉన్నట్టు. ఇది లేని రోజు, ఉండక తప్పక ఉన్నట్టు."

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చి పాత సంగతులు తిరగేశాను. కోస్తా జిల్లాల వాళ్ళకు ఒకప్పుడు రంగూన్ ఉండేది. 'రంగం పోయాడు' అనేవారు. 1941 డిసెంబరులో జపాన్ వాళ్ళు అక్కడ బాంబులేసేసరికి ఓడ దొరకనివాళ్ళు అడవుల వెంబడి కాలినడకన బయలుదేరారు. దారిలో ఎందరో పోయారు. కువైట్ సంగతే చూడండి. 1990 ఆగస్టు 2న ఇరాక్ దాన్ని ఆక్రమించింది. 1,70,000కు పైగా మనవాళ్ళను జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చారు. 2016లో అక్షయ్ కుమార్ 'ఎయిర్‌లిఫ్ట్' సినిమా ఆ కథే. పోవడం గురించి వంద మంది సలహా ఇస్తారు. తిరిగి రావడం ఎవరి చేతిలో ఉంటుందో ఏజెంటూ చెప్పడు, పెళ్ళిళ్ళ పేరయ్యా చెప్పడు. (కువైట్ సంబంధం అనగానే ఆ పేరయ్య నా ఫోటో మళ్ళీ అడిగాడు. 16 వేల జీతానికి పోయినేడాది అదే ఫోటో వెనక్కిచ్చాడు లెండి!)

నాయన ఇంతవరకు పోమ్మనలేదు, వద్దనలేదు. ఒకనాడు చేనిగట్టు మీద కూచుని, "అప్పు నేను చేసింది. నువ్వు యాల తీర్చల్ల?" అన్నాడు. అమ్మ మాత్రం ఖచ్చితంగా అడిగింది: "ఆడ నువ్వు రాసుకునేకి ఒప్పుకుంటారా?"

పన్నెండు గంటలు సరుకు లెక్కలు రాసి వచ్చినవాడు, నలుగురు నిద్రపోయే గదిలో లైటేసి వ్యాసం రాస్తాడా? పదేళ్ళుగా పత్రికలో అచ్చయిన నా పేరు మూడేళ్ళు కనబడకపోతే ఏ సంపాదకుడు గుర్తు పెట్టుకుంటాడు? లెక్కల కాగితం మీద దీనికి గడి లేదు. ఉన్నా ఎన్ని దినార్లని వెయ్యాలో నాకు తెలియదు.

చివరికి బావకు ఫోన్ చేసి మూడు మాటలు చెప్పాను. ఒకటి, షూన్ వీసా అయితేనే వస్తా. రెండు, ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు ద్వారానే వస్తా. మన దేశ నిబంధనల ప్రకారం అతను తీసుకోగలిగింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంటే 35,400. లక్షా ఇరవై వేలు కాదు. రసీదు ఇవ్వాలి. మూడు, పాస్‌పోర్టు నా పెట్టెలోనే ఉండాలి.

మూడో మాటకు బావ మండిపడ్డాడు. "ఈడ అందరివీ కఫీల్ దగ్గరే ఉంటాయప్పా. నువ్వొక్కడివి కలెక్టరువా?" ఇంటిపనివాళ్ళ పాస్‌పోర్టు వాళ్ళు ఒప్పుకుంటే తప్ప యజమాని ఉంచుకోకూడదని కువైట్ 2015లోనే చట్టం చేసిందని చెప్పాను. "ఒప్పుకోక ఏం చేస్తారు?" అన్నాడు బావ. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరవాత మెల్లగా అన్నాడు, "నాది నేను చూసి నాలుగేండ్లయింది రా."

వారం రోజులు ఫోను లేదు. అక్క మీద కోపం చూపిస్తున్నాడేమోనని అమ్మ భయపడింది. మొన్న ఆదివారం కాంట్రాక్టు కాగితం ఫోటో తీసి పంపాడు. కంపెనీ వాళ్ళు మొదటి షరతుకు ఒప్పుకున్నారట. ఏజెంటు సంగతి ఇంకా తేలలేదు. మూడోది కాగితంలోనే రాసి ఉందంటున్నాడు. కాగితం మాత్రం పూర్తిగా అరబ్బీలో ఉంది. కదిరిలో మసీదు దగ్గర ఒక హజరత్ గారున్నారు. చదివి వివరంగా చెప్తానన్నారు. శుక్రవారం నమాజు అయినాక రమ్మన్నారు.